జైళ్ల శాఖ పెట్రోల్ బంకు గురించి, నాలుగేళ్లుగా అక్కడికే వెళ్తున్న మనిషిగా

ముందే చెప్పేస్తున్నా, నా లెక్కలో ఐదుకు ఐదు. హైదరాబాద్‌లో తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఒకదానికి నాలుగేళ్లుగా వెళ్తున్నాను. వారానికోసారి ఖాయం, స్కూటీలో ట్యాంకు ఫుల్ చేయించుకుంటాను. పెట్రోల్ ఎలా ఉంది, కొలత సరిగ్గా ఉందా, మనుషులు ఎలా మాట్లాడతారు, అన్నీ చెప్తాను. కానీ ఈ బంకు గురించి రాయాలంటే మా ఆఫీసులో నేను చేసే పని గురించి కూడా రాయాలి. అది వదిలేస్తే సగమే రాసినట్టు. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికుంటే చదవండి.

ఇంతకుముందు ఇంటి దగ్గరున్న వేరే బంకులో పోయించుకునేదాన్ని. మూడొందలకు కొట్టమంటే కుర్రాడు నూటయాభైకి ఆపేసి, "సారీ మేడమ్, సరిగ్గా వినపడలేదు, మిగతా నూటయాభై కొడతా" అని నాజిల్ మళ్లీ ట్యాంకులో పెట్టాడు. మీటర్ జీరో చేశాడా లేదా అని చూసేలోపు పక్కన ఇంకొకడు వచ్చి "కార్డా, ఫోన్‌పేనా" అని అడిగాడు, నేను అటు తిరిగాను. అంతే. ఇంటికొచ్చి చూస్తే మూడొందలకు ముల్లు ఎక్కడికి లేవాలో అక్కడికి లేవలేదు. ఒకసారి అయితే పొరపాటు అనుకుంటాం, రెండోసారి కూడా అదే జరిగింది. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే పెద్దాయన అప్పుడే చెప్పారు, "జైలు బంకుకెళ్లమ్మా, మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగైనా నేను అక్కడికే పోతా" అని. జైలు అన్న మాట వినగానే మొదట వెనకాడాను, అబద్ధం చెప్పను. ఆడమనిషిని, సాయంత్రం ఏడున్నరకి ఒక్కదాన్నే వెళ్లాలి కదా అనిపించింది.

మొదటిసారి నాకు పెట్రోల్ కొట్టినాయనకి యాభై దాటి ఉంటాయి. సగం నెరిసిన గడ్డం, చేతికి దారం. నాజిల్ తీసి చేత్తో పట్టుకుని, "జీరో చూడండమ్మా" అన్నారు. నేను ఫోన్‌లో ఏదో చూసుకుంటూ "ఊ" అన్నాను. ఆయన మొదలుపెట్టలేదు. "చూసి చెప్పండమ్మా" అన్నారు మళ్లీ. తల ఎత్తి చూసి, "జీరో ఉంది" అన్నాక అప్పుడు లివర్ నొక్కారు. అయిపోయాక నాజిల్‌ని ట్యాంకు అంచుకి రెండుసార్లు తట్టి చివరి చుక్కలు కూడా లోపల పడనిచ్చారు, మూత తనే బిగించి, ట్యాంకు పక్కన జారిన చుక్కని భుజం మీది గుడ్డతో తుడిచారు. నాలుగేళ్లలో మనుషులు మారారు గానీ ఈ "చూసి చెప్పండమ్మా" మారలేదు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా అలాగే ఆగుతారు. వెనక హారన్లు కొడుతున్నా సరే.

కొలత సంగతి. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఏ బంకులోనైనా పనికొస్తుంది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత డబ్బా ఉండాలి. అనుమానం ఉంటే అందులో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి, అంతకు మించితే ఆ మెషీన్ వాడకూడదు. అలాగే ఫిల్టర్ పేపర్ అడగొచ్చు, దాని మీద నాజిల్ నుంచి ఒక చుక్క వేస్తే మంచి పెట్రోల్ మరక లేకుండా ఆరిపోతుంది, కల్తీ ఉంటే మరక మిగులుతుంది. గాలి, మంచినీళ్లు, టాయిలెట్ కూడా బంకులో ఉండాల్సినవే, గాలికి డబ్బులడిగితే ఇవ్వక్కర్లేదు.

ఒక ఆదివారం ఉదయం నా ముందున్న ఆటో అన్నకి కొలత మీద అనుమానమొచ్చింది. గట్టిగానే అడిగాడు, "జైలు నుంచి వచ్చినోళ్లు, నిన్నెట్ల నమ్మాలె" అన్నంత మాట అనేశాడు. నాకు లోపల గుండె జారింది, గొడవ అవుతుందేమో అని. నాజిల్ దగ్గరున్నతను ఒక్క మాట కూడా అనకుండా లోపలికెళ్లి డబ్బా తెచ్చాడు, దాని మెడ మీదున్న ముద్ర వేలితో చూపించాడు, నేల మీద సమంగా ఉన్న చోట పెట్టి ఐదు లీటర్లు కొట్టాడు. అందరం వంగి చూశాం. పెట్రోల్ సరిగ్గా గీత దగ్గర ఆగింది. ఆటో అన్న ఏమీ అనలేదు, డబ్బులిచ్చి, పోతూ పోతూ "ఏమనుకోకు తమ్మీ" అన్నాడు. ఆ అబ్బాయి తల ఊపి, తర్వాతి బండికి "జీరో చూడండి" అన్నాడు. ఆ అబ్బాయి మొహం నాకింకా గుర్తుంది. కోపం లేదు, నవ్వు లేదు, ఇలాంటి మాటలు ఎన్నిసార్లు విన్నాడో అనిపించింది.

ఏ బంకో పేరు ఎందుకు రాయలేదంటే దానికో కారణం ఉంది. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి, పెట్రోల్ కొట్టే మనిషి మొహం మీద ఫోన్ పెట్టి, "అన్నా, ఏం కేసు?" అని వీడియో తీశారు. ఆయన మొహం పక్కకి తిప్పుకుని పెట్రోల్ కొట్టారు. వాళ్లకి కూడా "జీరో చూడండి" అనే అన్నారు. నా రాత చదివి ఇంకొకరు అలా వెళ్లకూడదు. పెట్రోల్ కోసమైతే వెళ్లండి, జైళ్ల శాఖ బంకులు ఎక్కడెక్కడున్నాయో వెతికితే తేలిగ్గానే దొరుకుతాయి, చంచల్‌గూడ జైలు దగ్గరిది నగరంలో చాలామందికి తెలుసు కూడా.

ఈ బంకులు ఎలా నడుస్తాయంటే, స్థలం జైళ్ల శాఖది, పెట్రోల్ ఆయిల్ కంపెనీది, చాలావరకు ఇండియన్ ఆయిల్‌తో కలిసి పెట్టినవి. వి.కె. సింగ్ గారు జైళ్ల శాఖ డీజీగా ఉన్నప్పుడు, అంటే తెలంగాణ వచ్చిన తొలి సంవత్సరాల్లో, ఇవి బాగా పెరిగాయి. ఆంధ్రలో కూడా జైళ్ల శాఖ బంకులున్నాయి. మామూలు బంకులో డీలర్ జేబులోకి వెళ్లే కమిషన్ ఇక్కడ శాఖకి వెళ్తుంది. సత్ప్రవర్తన ఉన్న ఖైదీలు పగలు వచ్చి పనిచేసి మళ్లీ లోపలికి వెళ్తారు. వాళ్లతో పాటే, శిక్ష పూర్తయి విడుదలైనవాళ్లు కొందరు నెల జీతానికి పనిచేస్తారు. కేరళ వాళ్లు 2021లో ఫ్రీడమ్ ఫ్యూయెల్ అని ఇలాంటివే మొదలుపెట్టారు, చెన్నై దగ్గర పుళల్‌లో 2023 నుంచి మహిళా ఖైదీలే నడిపే బంకు ఉంది. జైలు లోపలివాళ్లు పనిచేసే చోట్లు దేశంలో చాలానే ఉన్నాయి, తిహార్ బేకరీ నుంచి మన దగ్గర మై నేషన్ పేరుతో వచ్చే సబ్బులు, ఫినాయిల్, దుప్పట్ల దాకా. నన్ను ఆపిన విషయం ఆ రెండో గుంపు, విడుదలై బయటికొచ్చినవాళ్లు. శిక్ష అయిపోయిన మనిషికి, జైలు శాఖ తప్ప ఇంకెవరూ పని ఇవ్వని మనిషికి, మళ్లీ జైలు శాఖే పని ఇస్తోంది. ఇది మంచి పని అని ఒప్పుకుంటూనే, ఇంకెవరూ ఎందుకివ్వరు అన్నది నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ ఇవ్వనివాళ్లలో నేనూ ఉన్నాను.

నేను ఒక ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలో పనిచేస్తాను. ఏజెన్సీ పేరు, మున్సిపాలిటీ పేరు రెండూ వద్దు. శివారు మున్సిపాలిటీలకి పారిశుద్ధ్య కార్మికులు, వాటర్ ట్యాంకర్ హెల్పర్లు, పార్కుల్లో మాలీలు, ఆఫీసుల్లో అటెండర్లు, ఇలాంటి మనుషుల్ని టెండర్ మీద సప్లై చేస్తాం. టెండర్ కాగితాలు తయారు చేయడం, ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే ధరావతు), పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, హాజరు పట్టీలు, నెల బిల్లు, ఇదంతా నా పని. కొత్తగా చేరేవాళ్ల ఫైళ్లు కూడా నేనే చూస్తాను.

రెండేళ్ల కిందట ఒకాయన వచ్చారు. నలభై ఐదు, నలభై ఆరు ఉంటాయి. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్, రెండు ఫోటోలు, అన్నీ వరసగా పెట్టుకుని తెచ్చారు. పారిశుద్ధ్య పనికి వచ్చేవాళ్లలో చాలామంది ఫారం మాతో రాయించుకుంటారు, వేలిముద్ర వేస్తారు. ఈయన పెన్ను అడిగి తీసుకుని తనే రాశారు, ఒక్కో అక్షరం విడివిడిగా, పలక మీద దిద్దినట్టు గుండ్రంగా. మా ఫారంలో పదకొండో గడి, "మీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు ఉందా?" అని ఉంటుంది. అందరూ "లేదు" అని రాస్తారు, చాలామంది చదవకుండానే రాస్తారు. ఈయన అక్కడ "ఉంది. శిక్ష అయిపోయింది" అని రాశారు. నేను చదివి తలెత్తాను. "చదువు ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక. "లోపలే నేర్చుకున్నానమ్మా" అన్నారు.

టెండర్ షరతుల్లో ఒక లైను ఉంటుంది, ఏజెన్సీ పంపే ప్రతి మనిషికీ పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ జతపరచాలి, నేర చరిత్ర ఉన్నవారిని పంపరాదు. మా ఓనర్ దగ్గరికి ఫైల్ తీసుకెళ్లాను. ఆయన చెడ్డ మనిషి కాదు. ఫారం చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎల్1 వచ్చిందే చావు తప్పి. ఈ ఒక్క పేరు మీద రేపెవడైనా కంప్లైంట్ పెడితే వర్క్ ఆర్డర్ పోతుంది, నూట పది మంది జీతాలు పోతాయమ్మా" అన్నారు. ఎల్1 అంటే టెండర్లో అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్లు. అదీ నిజమే. నేను బయటికొచ్చి ఆయనకి "ఇప్పుడు ఖాళీ లేదు, ఉంటే ఫోన్ చేస్తాం" అని చెప్పాను. ఆయనకి అర్థమైంది. "మంచిదమ్మా" అని, ఫోటోలు మాత్రం తిరిగి ఇవ్వమన్నారు, ఇంకో చోట పనికొస్తాయని. స్టేప్లర్ పిన్ను గోరుతో జాగ్రత్తగా లేపి, ఫోటో చిరగకుండా తీసుకున్నారు. నేను ఫోన్ చేయలేదు. ఫారం ఇప్పటికీ నా టేబుల్ కింది అరలో ఉంది.

ఆ తర్వాత ఆ లైను ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని చూశాను, ఎందుకంటే నాకున్న పని అదే, కాగితాలు చదవడం. సెక్యూరిటీ గార్డుల విషయంలో చట్టమే ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005. అందులో కోర్టు శిక్ష వేసిన మనిషిని గార్డుగా పెట్టుకోకూడదని రాసి ఉంది. చదువు లేని, చేతిలో పని లేని మగవాడికి నగరంలో తొందరగా దొరికే ఉద్యోగం వాచ్‌మన్, గార్డు. ఆ తలుపు చట్టంతోనే మూసుకుంది. సరే, దానికి కారణం చెప్తారు, అర్థం చేసుకుంటాను. కానీ రోడ్డు ఊడ్చే పనికి, చెత్త బండి వెనక నిలబడే పనికి, పార్కులో మొక్కలకి నీళ్లు పోసే పనికి అలా పక్కన పెట్టమని ఏ చట్టమూ నాకు కనపడలేదు. పాత టెండర్ ఫైల్లోంచి కొత్త టెండర్ ఫైల్లోకి ఆ లైను అలా వచ్చేస్తోంది, అంతే. గార్డుల కాంట్రాక్టుకి రాసింది, పారిశుద్ధ్యం కాంట్రాక్టుకీ అంటించారు. నేను స్వయంగా చూసిన మూడు ఫైళ్లలో కామా, ఫుల్‌స్టాప్ కూడా మారకుండా ఒకటే వాక్యం.

ఇంకో సంగతి కూడా ఉంది. జైలుకెళ్లినవాళ్లంటే మనం అందరినీ నేరం రుజువైనవాళ్లే అనుకుంటాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివర్లో దేశంలో జైళ్లలో ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైనే. కోర్టు ఇంకా ఏమీ తేల్చలేదు. బెయిల్‌కి పూచీ ఇచ్చేవాళ్లు లేక లోపలున్నవాళ్లు ఎందరో. వాళ్ల కోసమే కేంద్రం 2023లో పేద ఖైదీల సాయం పథకం తెచ్చింది, బెయిల్‌కి 40 వేల దాకా, జరిమానా కట్టలేక లోపలే ఉండిపోయినవాళ్లకి 25 వేల దాకా. అంత సొమ్ము లేక లోపలున్న మనిషి బయటికొచ్చి ఊడ్చే పని అడిగితే, నా టేబుల్ మీద పదకొండో గడి దగ్గర ఆగిపోతాడు. సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ప్రభుత్వోద్యోగాల విషయంలో ఏం చెప్పిందంటే, కేసు సంగతి దాచడం తప్పే, కానీ అభ్యర్థి నిజం చెప్పినప్పుడు కూడా కేసు తీరు, ఉద్యోగం తీరు చూసి నిర్ణయించాలి అని. చూసి నిర్ణయించడం అన్న మాట మా టెండర్ కాగితాల్లో ఎక్కడా లేదు. నిజం రాసిన మనిషికే నష్టం జరిగింది, నా చేతుల మీదుగా.

నా చిన్ననాటి స్నేహితురాలు అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటుంది. ఇదంతా ఫోన్లో చెప్తే, వాళ్ల కౌంటీలో (మన జిల్లా లాంటిది) వేరేగా ఉంటుందని చెప్పింది, తనకి ఆ సంగతులు తెలుసు, ఒక స్వచ్ఛంద సంస్థలో శనివారాలు పనిచేస్తుంది. కాలిఫోర్నియాలో జైళ్లు కిక్కిరిసిపోయి విషయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2011లో ఏబీ 109 అనే చట్టం తెచ్చి, తక్కువ తీవ్రత ఉన్న నేరాలవాళ్ల బాధ్యత రాష్ట్రం నుంచి కౌంటీలకి అప్పజెప్పారు, దానికి డబ్బు కూడా ఇచ్చారు. ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీ 2015లో, ఆ డబ్బులో సగం బయట పనిచేసే సంస్థలకే వెళ్లాలని తీర్మానం చేసింది. అంటే విడుదలైనవాళ్లకి ఇల్లు చూడటం, పని చూపించడం, మందు మానిపించడం, ఇవన్నీ అక్కడ కౌంటీ టెండర్ పిలిచి సంస్థలకి కాంట్రాక్టు ఇచ్చే పనులు. మనం రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు ఇచ్చినట్టు. నాకు వినగానే వింతగా అనిపించింది, ఆ తర్వాత ఎంతో సహజంగా అనిపించింది. అన్నీ బాగున్నాయని తనేమీ చెప్పలేదు. ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి, డబ్బు ఎప్పటికో వస్తుంది, చిన్న సంస్థలు మధ్యలో ఊపిరాడక ఆగిపోతాయి అంది. బిల్లు ఆలస్యం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకోటి చెప్పింది, అక్కడ 2018 నుంచి అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది పనివాళ్లున్న ఏ సంస్థా ఉద్యోగం ఇస్తామని చెప్పకముందే పాత శిక్షల గురించి అడగకూడదట. ముందు మనిషిని చూడాలి, పనికి సరిపోతాడా చూడాలి, ఆ తర్వాతే ఆ ప్రశ్న. మా ఫారంలో పదకొండో గడి పేజీ మధ్యలో ఉంది. దాన్ని చివరికి జరపడానికి పైసా ఖర్చు లేదు.

మా పిన్నితో కూడా మాట్లాడాను, దాచకుండా రాస్తాను. 2016లో పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వెళ్తే బైక్ మీద వచ్చి ఆవిడ మెడలో పుస్తెలతాడు లాక్కెళ్లారు. గొలుసు తెగకుండా ఆవిడని నాలుగడుగులు ఈడ్చుకెళ్లింది. మెడ మీద గీత ఇప్పటికీ ఉంది, చీర కొంగుతో కప్పుకుంటుంది. నేను ఈ బంకు గురించి, పని ఇవ్వడం గురించి చెప్తుంటే ఆవిడ, "పని దొరికితే వాడు ఇంకో ఆడదాని మెడ మీద చెయ్యి వెయ్యడని నువ్వు రాసిస్తావా?" అంది. రాసివ్వలేను పిన్నీ అన్నాను. ఆవిడ కోపం న్యాయమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో, ఖైదీలకి పనికి తగ్గ కూలి ఇవ్వాలి, అందులో కొంత నేరం వల్ల నష్టపోయినవాళ్లకి వెళ్లేలా చూడాలి అని చెప్పింది. ఆ మాట చెప్తే పిన్ని, "నాకైతే రూపాయి రాలేదు" అంది. ఆ రెండో సగాన్ని మనం ఎవరం పట్టించుకోలేదు. పిన్ని ఇంతవరకు ఆ బంకు వైపు రాలేదు, నేను రమ్మని అడగను కూడా.

కానీ పని లేకుండా తిరిగితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం కదా. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో క్షమాభిక్ష మీద 213 మందిని విడుదల చేసింది, ఎక్కువమంది యావజ్జీవ ఖైదీలు. యాభై వేల పూచీకత్తు రాయాలి, మూడు నెలలకోసారి జిల్లా ప్రొబేషన్ అధికారి (విడుదలైనవాళ్ల నడవడిక చూసే అధికారి) దగ్గర కనపడాలి అని షరతులు. పద్నాలుగు, పదిహేనేళ్లు లోపలుండి వచ్చిన మనిషికి సెల్‌ఫోన్‌లో డబ్బులు పంపడం తెలియదు, బస్సు నంబర్లు మారిపోయాయి, ఊళ్లో అన్నదమ్ములు భూమి పంచేసుకున్నారు. వాళ్లలో కొందరికి ఈ బంకుల్లో పని దొరుకుతుంది. అందరికీ దొరకదు, బంకులు ఎన్ని ఉంటాయి, ఒక్కో బంకుకి ఎంతమంది కావాలి. జైళ్ల శాఖ ఒక్కటే మోసే బరువు కాదిది. ప్రతి మున్సిపాలిటీ ప్రతి ఏటా ఔట్‌సోర్సింగ్ టెండర్లు పిలుస్తూనే ఉంది. ఆ టెండర్లో ఆ పాత లైను తీసేసి, వంద మందిలో ఇద్దరినో ముగ్గురినో విడుదలైనవాళ్లలోంచి, జిల్లా ప్రొబేషన్ అధికారి సిఫార్సు మీద తీసుకోవాలి అని ఒక్క లైను రాస్తే, మా ఓనర్‌కి కూడా భయం ఉండదు. ఎందుకంటే అప్పుడు అది షరతు, ఆయన తెచ్చుకున్న రిస్కు కాదు. నేను పదేళ్లుగా టెండర్లు వేస్తున్నా, ఒక్క లైను మార్పుతో ఎన్ని మారతాయో నాకు తెలుసు. ఈ మధ్య మా ఏజెన్సీ తరఫున, టెండర్లు వేయకముందు జరిగే ప్రీ బిడ్ మీటింగ్‌లో ఒక మున్సిపాలిటీకి ఈ సూచన రాసిచ్చాను. తీసుకున్నట్టు స్టాంపు వేసిచ్చారు. జవాబు రాలేదు, మళ్లీ రాస్తాను.

బంకు దగ్గర జైలు ఉత్పత్తుల చిన్న స్టాల్ కూడా ఉంటుంది, దాని గురించి రెండు మాటలు. తువ్వాలు మూడేళ్ల కిందట కొన్నాను, రోజూ వాడకానికి ఇప్పటికీ గట్టిగానే ఉంది. డోర్ మ్యాట్ కూడా బాగుంది. ఫినాయిల్ మా ఆఫీసుకి అక్కడి నుంచే తెప్పిస్తున్నాం, ఇది నేను పట్టుబట్టి చేయించిన మార్పు. రేటు బయటికంటే ఎక్కువేమీ లేదు, బిల్లు ఇస్తారు కాబట్టి లెక్కల్లో ఇబ్బంది లేదు. ఆఫీసులు నడిపేవాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉన్నవాళ్లు ఒకసారి చూడండి.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా లైను బాగా ఉంటుంది, ఉదయం ఎనిమిది లోపు వెళ్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్‌పే, కార్డు రెండూ తీసుకుంటారు. గాలి కొట్టే అబ్బాయి ముందు టైరు, వెనక టైరు ఎంత పెట్టాలో మన బండి చూసి తనే చెప్తాడు, డబ్బులిస్తే తీసుకోడు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడానికి భయపడక్కర్లేదు, నాలుగేళ్లలో ఒక్కరు కూడా నాతో అక్కరలేని మాట మాట్లాడలేదు. కేసు ఏమిటని మాత్రం అడగకండి. "జీరో చూడండి" అంటే ఫోన్ పక్కన పెట్టి నిజంగా చూడండి, చూసి చెప్పేదాకా వాళ్లు మొదలుపెట్టరు.

కొత్తవాళ్లు ఎవరైనా చేరినప్పుడల్లా నేను హెల్మెట్ తీసి మొహం చూస్తాను, ఆ గుండ్రటి చేతిరాత ఆయనేమో అని. ఇంతవరకు ఆయన కనపడలేదు. కనపడితే ఫారంలో ఉన్న నంబర్‌కి ఎందుకు ఫోన్ చేయలేదో చెప్పాలి. మొన్న శనివారం ఆ నంబర్‌కి చేశాను, వాడుకలో లేదని వచ్చింది.